తలకట్టు

కట్టు అనే మాట తెలుగువాడి ఒంటినిండా ఉంది. నడుముకి నడికట్టు, కంటికి కనికట్టు, తలకి తలకట్టు. ఒంటిని దాటి బయటికొస్తే, కలిపి రాసే రాతకి గొలుసుకట్టు, నదికి ఆనకట్ట. కృష్ణ కొండల మధ్యనుంచి బయటపడి మైదానంలోకి దిగే చోట 1852లో పని మొదలై 1855కి పూర్తయిన ఆనకట్టా, దాని స్థానంలో 1957లో నిలిచిన ప్రకాశం బ్యారేజీ కూడా డెల్టా తల దగ్గర కట్టిన కట్టే. ఆ కట్టు లేకపోతే బందరు కాలువకి నీళ్లు లేవు, ఏలూరు కాలువకి నీళ్లు లేవు. అందుకే బెజవాడలో పెరిగినవాళ్లకి కట్టు అంటే ఏమిటో విప్పి చెప్పనక్కర్లేదు. విడివిడిగా జారిపోయేదాన్ని పట్టి నిలిపేది కట్టు.

ఈ కుటుంబంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట తలకట్టు. దానికి మూడు అర్థాలున్నాయి. తలకి చుట్టుకునే పాగా మొదటిది. జుట్టు తీరు రెండోది. ఒత్తయిన తలకట్టు అని ఇప్పటికీ అంటాం. మూడోది అక్షరం నెత్తిన ఉండే చిన్న గుర్తు. ఈ మూడోదాన్ని ఒకటో తరగతిలో నేర్చుకుంటాం, ఆ తర్వాత జన్మలో తలుచుకోం. గోడపత్రికలకీ, పతాక శీర్షికలకీ, దుకాణం బోర్డులకీ పనికొచ్చే లావుపాటి తెలుగు అక్షరం ఎలా ఉండాలని ఆలోచించేవాడు మాత్రం మొట్టమొదట దాని దగ్గరికే వెళ్లాలి. నేను అటే వెళ్తున్నాను.

గుణింతం గుర్తులకి మనవాళ్లు పెట్టిన పేర్లు చూడండి. కొమ్ము, గుడి, సుడి, సున్న. అన్నీ కంటికి కనబడేవే. కొమ్ము ఆవుకి ఉండేది, సుడి నీళ్లలో తిరిగేది. గుడి అంటే దేవుడి గుడి అనుకుంటాం గానీ కాదు. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టింది అంటామే, ఆ గుడి. వలయం అని అర్థం. కి నెత్తిన ఉన్న గుండ్రటి చుట్టు అదే. ఈ వరసలో మనిషి తొడుక్కునేది తలకట్టు ఒక్కటే. అంటే మన పెద్దలు హల్లుని ఒక మనిషిగా చూశారు. తలపాగా చుట్టుకుంటే క. చుట్టుకోకపోతే అది ఇంకా గొంతులో ఆగిపోయిన క్. ఆ పాగాకి ఒక పలుకు ఉంది, అది అకారం.

పిల్లలకి అలాగే చెబుతాం. కకు తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా. బాగానే ఉంది. కానీ అక్షరాలని దగ్గరగా పెట్టుకుని చూస్తే ఈ సూత్రం రెండువైపులా చిరుగుతుంది. కు అని రాసి చూడండి. అందులో అకారం లేదు, ఉకారం ఉంది, దానికి కొమ్ము కూడా ఇచ్చాం. అయినా నెత్తిన తలకట్టు అలాగే ఉంది. కూ, కృలలోనూ ఉంది. ఇక ఖ, జ, ట, ణ, బ, ల, ఱ చూడండి. వీటన్నిట్లో అకారం ఉంది, తలకట్టు లేదు. అంటే తలకట్టు ఉన్నచోట అకారం లేకపోవచ్చు, అకారం ఉన్నచోట తలకట్టు లేకపోవచ్చు. అచ్చుకి గుర్తుగా పుట్టిన చిహ్నమైతే ఇలా ప్రవర్తించదు. ఇది ముందు ఇంకో పనికి పుట్టి, తర్వాత అచ్చుగా లెక్కలోకి వచ్చిందని ఈ రెండు చిరుగులే చెబుతున్నాయి.

ఆ ముందరి పని ఏమిటో శాసనాలు చెబుతాయి. రాతిమీద ఉలితో గీత మొదలుపెట్టేటప్పుడు గీత పైకొసన ఒక చిన్న అడ్డదెబ్బ పడుతుంది. గీత ఎక్కడ మొదలైందో అది ఖాయం చేస్తుంది. చూపుకి కూడా అక్షరం తల నిటారుగా కనబడుతుంది. క్రీస్తుశకం తొలి శతాబ్దాల శాసనాల్లో ఆ కొస చిన్న ముద్దలాగానో, చీలలాగానో కనిపిస్తుంది. వేంగి చాళుక్యుల కాలానికి అక్షరం ఒళ్లు గుండ్రబడింది, తలమీది దెబ్బ ఒక పొట్టి అడ్డగీతగా కుదురుకుంది. బెజవాడలోనే దొరికిన 10వ శతాబ్దపు యుద్ధమల్లుడి శాసనం, మధ్యాక్కరల్లో ఉన్న ఆ తెలుగు పద్యశాసనం, ఈ దశలోది. తర్వాతి శతాబ్దాల్లో ఆ అడ్డగీత తెలుగులో కుడివైపుకి పైకి లేచింది. కన్నడంలో అడ్డంగానే సాగింది, చివర కొక్కెం తిరిగింది. కన్నడిగులు కూడా దాన్ని తలెకట్టు అనే అంటారు. రెండు లిపులూ విడిపోయినా పాగా పేరు విడిపోలేదు.

తలకట్టు గురించి రాస్తూ కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు దగ్గర ఆగకపోతే తప్పు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో తవ్వి తీసిన ధాతుకరండాల మీద క్రీస్తుకి రెండు మూడు శతాబ్దాల ముందరి రాత ఉంది. బ్రాహ్మి లిపే, కానీ అశోకుడి శాసనాల్లో లేని ఒక పద్ధతి అందులో ఉంది. అశోకుడి బ్రాహ్మిలో ఉత్త హల్లు రాస్తే అందులో అకారం దానంతటదే ఉన్నట్టు. కుడివైపు చిన్న గీత పెడితే అది ఆకారం, అంటే దీర్ఘం. భట్టిప్రోలులో ఉత్త హల్లు ఉత్త హల్లే. అకారం కావాలంటే తల దగ్గర గీత పెట్టాలి. దీర్ఘానికి ఆ గీతని ఇంకొంచెం మలచాలి. కనబడని అకారాన్ని కనబడేలా రాయాలనే ఆలోచన రెండువేల ఏళ్లకి పైబడి ఈ డెల్టా మట్టిలో ఉందన్నమాట. ఆ గీతే నేటి తలకట్టు అని నేను అనను. వంశం వేరు, ఇప్పుడే చెప్పినట్టు ఉలి దెబ్బనుంచి వచ్చింది మన తలకట్టు. కానీ మన బడిపిల్లవాడు తలకట్టిస్తే క అని చదివేటప్పుడు భట్టిప్రోలు రాతగాడి లెక్కనే తెలియకుండా వల్లిస్తున్నాడు. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

రోమన్ అక్షరాల కొసలకి ఉండే చిన్న అడ్డగీతలని సెరిఫ్ అంటారు. అదీ రాతిమీదే స్థిరపడింది. కుంచెతో రాసిన గీత కొసని ఉలి అనుసరించటంవల్ల అది పుట్టిందని ఎడ్వర్డ్ కాటిచ్ 1968లో ఒక పుస్తకమే రాశాడు. పుట్టుకలో తలకట్టూ సెరిఫూ దగ్గరి చుట్టాలు. కానీ రోమన్ సెరిఫ్ ఎప్పటికీ పలకదు. దాన్ని కోసేస్తే అక్షరం చదువుకోవటానికి ఏ అడ్డూ లేదు. మన తలకట్టుకి ఆ స్వేచ్ఛ పోయింది. అది పలుకు నేర్చింది.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో లండన్లో ఆ పలకని కొసగీతకి విచిత్రమైన యోగం పట్టింది. అప్పటిదాకా అచ్చక్షరాలు పుస్తకాలకోసం పుట్టినవి. అరచేతి దూరంలో పెట్టుకుని చదవటానికి. ఇప్పుడు లాటరీలకీ, నాటకాలకీ, సరుకులకీ గోడలమీద కాగితాలు అంటించటం మొదలైంది. వీధికి అవతలనుంచి చదవాలి, నడిచిపోతూ చదవాలి. 1815 ప్రాంతంలో విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే అక్షరాల తయారీదారు తన నమూనా పుస్తకంలో యాంటిక్ అనే పేరుతో ఒక కొత్త లావు అక్షరాన్ని చూపించాడు. అందులో నిలువుగీత ఎంత మందమో కొసనున్న సెరిఫ్ కూడా ఇంచుమించు అంత మందం. నున్నగా సన్నబడే కొస కాదు, బండరాతి పలకని అడ్డంగా పెట్టినట్టుండే కొస. కొసరు అసలంత అయింది. నెపోలియన్ 1798 దండయాత్ర తర్వాత ఇంగ్లండులో ఈజిప్టు మోజు సాగుతున్న రోజులవి. అందుకే ఆ అక్షరాలకి ఈజిప్షియన్ అని పేరు పడింది. ఈజిప్టు రాతకీ వాటికీ ఏ సంబంధమూ లేదు. 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ చెక్క అక్షరాలని యంత్రంతో కోసే పద్ధతి కనిపెట్టాక అవి అడుగు ఎత్తు, రెండడుగుల ఎత్తు కూడా పెరిగాయి.

ఆ జాతిలో నాకు నచ్చింది క్లారెండన్. 1845లో రాబర్ట్ బెస్లీ లండన్లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీనుంచి తెచ్చాడు. పలకలాంటి కొసని నిలువుగీతకి ఊరికే అతికించలేదు, చిన్న వంపుతో కలిపాడు. అందుకే బరువున్నా మొరటుతనం లేదు. దాన్ని గోడమీదికే కాదు, నిఘంటువులోకి కూడా తెచ్చారు. మామూలు అక్షరాల మధ్య ఆరోపాన్ని, అంటే అర్థం చెప్పబోయే మాటని, లావుగా నిలబెట్టడానికి. పదాలతో కాపురం చేసేవాళ్లం ఈ ఒక్క ఉపకారానికైనా ఆ అక్షరానికి రుణపడి ఉన్నాం. నిఘంటువు తెరవగానే కన్ను ముందు వాలేది ఆ లావు మీదే.

మన సంగతికొస్తే, తెలుగు మొదట అచ్చయింది 1746లో జర్మనీలోని హాలే పట్నంలో, బెంజమిన్ షుల్జ్ పుస్తకాలతో. తర్వాత శ్రీరాంపురంలో కేరీ, మద్రాసులో క్యాంబెల్, బ్రౌన్. బ్రౌన్ 1820లలో మచిలీపట్నంలో ఉద్యోగం చేసినవాడే. అందరి పనీ గ్రంథాలు: వ్యాకరణాలు, నిఘంటువులు, మతపుస్తకాలు. కాబట్టి తెలుగు అచ్చక్షరం సన్నగా, గుండ్రంగా, అరచేతి దూరానికి తగ్గట్టు పుట్టింది. గోడకోసం పుట్టలేదు. గోడ అవసరం నాటక సమాజాలతో, సినిమా హాళ్లతో, రాజకీయ సభలతో వచ్చింది. పేజీ పైన పెద్ద అక్షరాల అవసరం పత్రికలతో వచ్చింది.

పత్రికలంటే కృష్ణా జిల్లా పేరు చెప్పుకోకుండా కుదరదు. 1902లో బందరునుంచి కృష్ణాపత్రిక. ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో మొదలుపెట్టి 1914లో మద్రాసుకి తెచ్చి దినపత్రిక చేసిన ఆంధ్రపత్రిక. బెజవాడనుంచే 1952లో విశాలాంధ్ర, 1960లో నార్ల వెంకటేశ్వరరావుగారి సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి, 1981లో ప్రజాశక్తి దినపత్రిక. పెదపారుపూడి మనిషి రామోజీరావుగారు 1974లో విశాఖలో పెట్టిన ఈనాడు. ఇంతమంది కలిసి తెలుగువాళ్లకి పొద్దున్నే పెద్ద అక్షరం చూసే అలవాటు చేశారు.

ఆ పెద్ద అక్షరాల వరసకి పత్రికలవాళ్లు వాడే పేర్లన్నీ తలతో ముడిపడినవే. శీర్షిక అంటే శీర్షం మీద ఉండేది. మకుటం అంటే కిరీటం. హెడ్డింగులో ఉన్నది హెడ్డే. శతకం రాసినవాడు ప్రతి పద్యం చివరా పెట్టేదాన్ని కూడా మకుటమే అంటాం, అది కాళ్ల దగ్గర ఉన్నా సరే. అక్షరానికి నెత్తిన ఉన్నది మామూలు మనిషి పాగా, వార్త నెత్తిన ఉన్నది రాజు కిరీటం. తలమీద ఏదైనా పెడితేనే గౌరవం అనే భావం రెండిటికీ మూలం. పల్లెలో పెళ్లికీ పంచాయతీకీ పాగా లేకుండా పెద్దమనిషి గడప దాటని రోజులు ఉన్నాయి కదా.

పెద్ద అక్షరాలకి జనం వాడే కొలత మాత్రం వేరు. తాటికాయంత అక్షరాలతో వేశారు అంటారు. ఇంత చక్కటి మాట అచ్చుపనిలో ఉన్నవాళ్లు కూడా పుట్టించలేరు. తాటికాయ పెద్దదే కాదు, గుండ్రం కూడా. నల్లగా ఉంటుంది. బరువుగా ఉంటుంది. నెత్తిన ముచ్చిక ఉంటుంది. లావుపాటి తెలుగు అక్షరం స్వరూపం మొత్తం ఆ నుడికారంలో ఉంది. అక్షరాలు రాసుకున్న తాటాకూ ఆ చెట్టుదే కాబట్టి ఆకుమీది సన్నని రాతకీ గోడమీది లావు రాతకీ ఒకే చెట్టు కొలతలిచ్చింది. తాటాకు చీలిపోతుందని అడ్డగీతలు మానేసి అక్షరాలని గుండ్రం చేశామని ఒక వాదం ఉంది. నేను దాన్ని సగమే ఒప్పుకుంటాను. రాయి చీలదు, రాగిరేకు చీలదు, అయినా వాటిమీదా అక్షరం గుండ్రబడింది.

ఈ గుండ్రదనం దగ్గరే పలకకొసల పద్ధతి మనకి ఎదురుతిరుగుతుంది. రోమన్ అక్షరం నిలబడటానికి కాళ్లున్నాయి. ఆ కాళ్లకి దిమ్మలు తొడిగితే మరింత గట్టిగా నిలబడుతుంది. వరసంతా ఒక గట్టు మీద నిలబడ్డట్టు కనబడుతుంది. తెలుగులో గ, శ లాంటి ఒకటిరెండు తప్ప అక్షరాలకి కాళ్లు లేవు. వ, ప, మ, ర, ల అన్నీ గిన్నెల్లాగా అడుగున ఒకే చోట నేలని తాకుతాయి. అడుగున ఒత్తు వచ్చి చేరితే ఆ తాకేచోటు కూడా దానికి దగ్గరైపోతుంది. కింద దిమ్మ పెట్టడానికి స్థలం లేదు. పెట్టినా అది ఒత్తులాగానో కొమ్ములాగానో చదువుకుంటుంది. కాబట్టి తెలుగు అక్షరం బరువు మోయాల్సింది తలమీద. తలమీద ఉన్నదేమో పలికే గుర్తు. సమస్య అంతా ఈ రెండు వాక్యాల మధ్య ఉంది.

దాన్ని దగ్గరగా చూద్దాం. డెల్టాలో ఏటా జూన్‌లో పత్రికల్లో కనబడే మాట పంట కాలువ. పంట అన్నప్పటి ప, వంట అన్నప్పటి వ పక్కపక్కన పెట్టండి. ఒళ్లు రెండిటికీ ఒకటే గిన్నె. వలో తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది, గిన్నె నోరు మూసుకుని ఉంటుంది. పలో నోరు తెరుచుకుని ఉంటుంది, తలకట్టు ఒంటికి అంటకుండా పైన విడిగా ఉంటుంది. అంటే ఆ రెండు అక్షరాల మధ్య తేడా ఒక గీత కాదు, ఒక ఖాళీ. సన్నటి అక్షరంలో ఆ సందు హాయిగా కనబడుతుంది. అన్నివైపులా లావు పెంచుకుంటూ పోతే గిన్నె అంచులు లోపలికి ఉబ్బుతాయి, తలకట్టు కిందికి దిగుతుంది, సందు పూడుతుంది. పంట కాలువ వంట కాలువ అవుతుంది. స, నల మధ్య కూడా ఇంచుమించు ఇదే కథ. సాగునీరు నాగునీరు అవటానికి ఎంతో దూరం లేదు. షకి కడుపులో ఇంకో గీత ఉంది. ఫకి అడుగున వత్తుగీత ఉంది. ఘలో గిన్నెలు ఒకటికి రెండు. ఇన్ని గీతల మధ్య ఇన్ని సందులు మిగిలితేనే చదువుకోగలం.

సీసం అక్షరాల కాలంలో ఈ ఇబ్బంది చేతికి తెలిసేది. కంపోజింగ్ స్టిక్కులో అక్షరాలు పేర్చేవాడికి, అరిగిన టైపులో పలో సందు సిరాతో పూడిందని ప్రూఫు తీయగానే కనబడేది. గుడ్డతో తుడిచి, బ్రష్షుతో కడిగి మళ్లీ తీసేవాడు. చెక్క అక్షరాలకి ఇంకో బాధ. చెక్కలో ముందు విరిగేది బయటికి పొడుచుకొచ్చిన సన్నటి కొన. తలకట్టు కొన అలాంటిదే. కొన విరిగితే లండన్ గోడపత్రికలో అందం పోతుంది. మన గోడపత్రికలో అక్షరం పోతుంది. చెక్కమీద నరం చూసి, ఏ గీత ఎంత సన్నం దాకా నిలబడుతుందో తెలిసి చెక్కే చేతులు బందరు పక్కన పెడనలో ఇప్పటికీ ఉన్నాయి, కలంకారీ అద్దకం అచ్చులు చెక్కుతూ. ఆ తెలివి అక్షరాల వైపుకి ఇంకా ఎక్కువగా మళ్లి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు చాలాసార్లు అనిపించింది.

బోర్డులు రాసే ఆర్టిస్టులు ఈ లెక్కని తమంతట తామే కట్టుకున్నారు. బెజవాడ గవర్నరుపేటలో, బీసెంట్ రోడ్డులో, వన్‌టౌన్ సందుల్లో చేత్తో రాసిన పాత బోర్డులు ఇంకా అక్కడక్కడా మిగిలాయి. వాటిని గమనిస్తే ఒకటి తెలుస్తుంది. అక్షరం ఒళ్లు ఎంత లావుగా రాసినా తలకట్టుని అంత లావు చేయరు. దాని ఎడమ కొనని మొద్దుగా నరికి, కుడి కొనని పైకి సాగదీసి పలకలాగా కోస్తారు. పకి గిన్నె నోరు బాగా విప్పుతారు, తలకట్టుని కాస్త పైకి జరుపుతారు. లావు ఎక్కడ పెంచాలో కాదు, ఎక్కడ ఆపాలో వాళ్లకి తెలుసు. నరసాపురంలో పుట్టిన బాపుగారి అక్షరాల్లోనూ ఈ వివేకం ఉంది. ఆయన రాతలో బరువంతా ఒంటిమీదా ఒత్తుల తోకలమీదా నడుస్తుంది, తలకట్టు తేలిగ్గా ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. ఆ చేతిరాత తర్వాత ఫాంటు కూడా అయింది.

విజయవాడ స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు మూడు లిపుల్లో ఉంటుంది. హిందీలో శిరోరేఖ పదం పొడవునా ఒకే దూలం. ఎంత లావు చేసినా దానికేం కాదు, ఆ దూలానికి అక్షరాలు వేలాడతాయి. ఇంగ్లీషులో ఎక్కడికక్కడ కాళ్లు. తెలుగులో వికి గుడి, జకి ఏమీ లేదు, యకి తలకట్టు, వాకి దీర్ఘం, డకి మళ్లీ తలకట్టు. అయిదు అక్షరాలు, నాలుగు రకాల తలలు. గొలుసుకట్టులో రాసిన కరణాలు కలం ఎత్తకుండా ఈ తలలన్నిటినీ ఒక తీగకి చుట్టేసేవాళ్లు. చదవటం మరో కరణానికే చేతనయ్యేది. అచ్చులో ఆ దారి మూసుకుపోయింది.

కంప్యూటర్ వచ్చాక లావు చేయటం తేలికైపోయింది. అంత తేలిక కావటమే నష్టం చేసింది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు రాజ్యమేలిన కాలంలో అనుపమ, ప్రియాంక అనే పేర్లు వినని ప్రెస్సు లేదు. వాటిలో లావు రకాలు ఉన్నాయి, గీసినవాళ్లు ఆలోచించి గీసినవే. చిక్కు ఎక్కడంటే, ఉన్న లావు చాలలేదనిపించినప్పుడు ఫ్లెక్సీ చేసేవాళ్లు అక్షరం చుట్టూ ఔట్‌లైన్ పెంచుతారు, దానికి అదే రంగు ఇస్తారు. యంత్రానికి గీతకీ సందుకీ తేడా తెలియదు. అన్నివైపులా సమానంగా ఉబ్బిస్తుంది. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీల్లో భా కడుపు పూడిపోయి, క్ష ముద్దయిపోయి, కాం మాత్రం మిగలటం బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడితే ఎవరికైనా కనబడుతుంది. ఇది నాకు బాధగా ఉంటుంది. శుభాకాంక్షలు చెప్పే మనిషి మనసుపెట్టి చెబుతున్నాడు. ఆ మాట చదువుకునేలా ఉండే హక్కు ఆయనకీ ఉంది, చదివేవాళ్లకీ ఉంది.

మంచి పని కూడా జరిగింది. సిలికానాంధ్ర సంస్థ తరఫున పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా అందుబాటులో ఉన్నాయి. వాటికి పెట్టిన పేర్లు మన సాహిత్య చరిత్రనుంచీ మన ప్రజాజీవితంనుంచీ తీసుకున్నవి. గిడుగు, సురవరం, గురజాడ, పెద్దన, ధూర్జటి. డెల్టా మనుషులు కూడా ఉన్నారు: నిమ్మకూరు ఎన్టీఆర్, దివిసీమకి పెద్దదిక్కై 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకటకృష్ణారావుగారు. మండలి పేరుమీది ఫాంటు వార్తాపత్రికల కోసం చేసింది. శీర్షికలకీ పోస్టర్లకీ చేసిన లావు అక్షరం రామభద్ర, అష్టదిగ్గజాల్లో ఒకడైన అయ్యలరాజు రామభద్రుడి పేరు. దాన్ని పెద్ద సైజులో వేసుకుని చూస్తే తాటికాయ కొలత గుర్తొస్తుంది. గుండ్రదనానికి లొంగి లావెక్కిన అక్షరం అది. గుండ్రదనం మీద పలక పెట్టిన అక్షరం ఇంకోటి కావాలని నా కోరిక. ఒకటుంటే చాలదు, గోడలు చాలా ఉన్నాయి.

అలాంటిది గీయబోయేవాళ్లు క్లారెండన్‌ని ముందు పెట్టుకుని కాకుండా తలకట్టుని ముందు పెట్టుకుని మొదలుపెట్టాలి. క, త, మ, యలలో తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది కాబట్టి అక్కడ పలకని ఒంటి మందానికి దగ్గరగా తీసుకుపోవచ్చు, బెస్లీ చేసినట్టు చిన్న వంపుతో కలపొచ్చు. ప, ఫ, ష, స, హ, ఘలలో పలకని సన్నం చేసి పైకి జరపాలి, సందు ఎంతో ముందే నిర్ణయించి దానికి తగ్గట్టే ఒంటి మందం కట్టాలి. మొదట గీయాల్సింది ప. అది కుదిరితే మిగతావి దారికొస్తాయి. పతో పాటు వని ఒకే కాగితం మీద గీసి, గోడకంటించి, రోడ్డు దాటి వెళ్లి చూడాలి. దీర్ఘానికీ తలకట్టుకీ కొన ఒకే కోతలో ఉండాలి, లేకపోతే క, కా వేరువేరు ఫాంట్లలాగా కనబడతాయి. ఒత్తుల్లో తలకట్టు ఎలాగూ తీసేస్తాం కాబట్టి వాటికి పలక అక్కర్లేదు. అడుగున పలక లేకపోతేనే పైనున్న పలకకి విలువ.

ఇక పాగా చుట్టని అక్షరాలున్నాయి. జ, బ, ల, ట, ణ, ఖ. వరస కుదరాలని వీటికి కూడా నెత్తిన ఏదో ఒక పలక అతికిస్తే బాగుంటుందని మొదట అనిపిస్తుంది. అతికిస్తే అది అబద్ధం అవుతుంది. చదివేవాడి కన్ను దాన్ని తలకట్టుగానే తీసుకుంటుంది, బ బ కాకుండా పోతుంది. వీటి బరువు వేరే చోట ఉంది. లకి తిరిగొచ్చే తోక కొసలో, టకి పైన విచ్చుకున్న కొనలో, జకి లోపలికి చుట్టుకున్న చుట్టులో. ఆ కొసల్ని పలక కోతతో నరికితే చాలు, తలమీద ఏమీ పెట్టకుండానే పక్కవాటి సరసన నిలబడతాయి. బెజవాడ అనే మాటలో ఎత్వం పడ్డ బె, బోడితల జ, దీర్ఘంతో వా, పాగాతో డ నాలుగూ ఒకే వరసలో వస్తాయి. ఫాంటు నమూనా కాగితం మీద అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్దగా వేసి చూడాల్సిన మాట అదే.